సంగటి ముద్ద, బస్సు మెట్టు, మోకాలి చిప్ప



కల్లావిలో పొద్దున్నే టౌను బస్సు వచ్చి ఆగుతుంది. పడుచువాళ్లు గబగబా ఎక్కేస్తారు. వాళ్ల వెనక ఒక అవ్వ నిలబడి ఉంటుంది. ఎడంచేత్తో కమ్మీ పట్టుకుంటుంది, కుడిచేతిని మోకాలిమీద ఆనిస్తుంది, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి కాలు పైకెత్తుతుంది. రెండో కాలు ఎక్కేదాకా కండక్టరు విజిల్ ఊదడు. 2021 మే నెల నుంచి తమిళనాడు టౌను బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. అయినా ఆ మెట్టు ఎక్కడానికి పెట్టాల్సిన ఖర్చును అవ్వ మోకాలు పెడుతూనే ఉంది.

ఏమైందని అడిగితే ఆమె చెప్పే మాట ఒక్కటే: ‘గుజ్జు అరిగిపోయిందంట నాయనా, వయసైపోయింది కదా.’ కల్లావిలోనే కాదు, ఊత్తంగరైలో, సూళగిరిలో, హోసూరులో, ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడుకునే కుటుంబాలున్న కృష్ణగిరి జిల్లా అంతటా ఇదే మాట వినిపిస్తుంది. డాక్టర్లు ఈ జబ్బును ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. అవ్వ మాటలో మొదటి సగం నిజమే. గుజ్జు అరిగింది. అయితే ఆ అరుగుదలనంతా వయసు ఖాతాలో రాసేస్తే సగం కథ మరుగున పడిపోతుంది. ఆ సగంలో అవ్వ కంచం ఉంది, ఆమె చేసిన పని ఉంది, తాగిన నీళ్లున్నాయి, ఆసుపత్రికి పోవడానికి చేతిలో లేని రూపాయి ఉంది. ఈ ప్రసంగం దాని గురించే.

ముందు గుజ్జు సంగతి. తొడ ఎముక, కాలి ఎముక కలిసే చోట వాటి కొనలకు తెల్లగా, నున్నగా, లేత కొబ్బరిలాంటి ఒక పొర ఉంటుంది. అదే మృదులాస్థి. పెద్దవాళ్లలో దానికి రక్తనాళాలు ఉండవు. కాలు మోపినప్పుడు అది నొక్కుకుంటుంది, కాలు ఎత్తినప్పుడు మళ్లీ ఉబ్బుతుంది. అలా ఉబ్బేటప్పుడే కీలులోని జిగురు ద్రవం నుంచి తనకు కావలసిన పోషణ పీల్చుకుంటుంది. కదలని కీలుకు తిండి అందదు, మితిమీరి నలిగిన కీలు కోలుకోదు. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నని దారిలోనే మోకాలి ఆరోగ్యం నడుస్తుంది. ఆ దారి తప్పితే పొర పగుళ్లిస్తుంది, కింద ఎముక గట్టిపడుతుంది, అంచుల్లో ముళ్లలాంటి ఎముక పెరుగుతుంది, కీలు చుట్టూ వాపు చేరుతుంది, తొడ కండరం సన్నబడుతుంది. అంటే జబ్బు ఒక్క గుజ్జుది అనుకోకూడదు, కీలు మొత్తానిది.

2019 నాటికి లోకంలో 52.8 కోట్ల మంది ఈ జబ్బుతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్లలో నూటికి 60 మంది ఆడవాళ్లు. ఎక్కువగా దెబ్బతినేది మోకాలే. మన దేశంలో 1990లో 2.3 కోట్ల చిల్లరగా ఉన్న రోగుల సంఖ్య 2019కి 6.2 కోట్లు దాటింది. జనాభా పెరిగింది, ఆయుష్షు పెరిగింది, కాబట్టి కొంత పెరుగుదల సహజమే అనుకోవచ్చు. కానీ హార్వర్డ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన ఒక అధ్యయనం ఆ సమాధానంతో సరిపెట్టుకోనివ్వదు. వాళ్లు 2,500కు పైగా అస్థిపంజరాల మోకాళ్లను పరిశీలించారు. కొన్ని వేల ఏళ్ల నాటి వేటగాళ్లవి, కొన్ని వందేళ్ల కిందటి కూలీలవి, కొన్ని ఈ మధ్య కాలానివి. వయసునూ శరీర బరువునూ లెక్కలోంచి సరిచేసి చూసినా, అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం నడిమి నుంచి మోకాలి అరుగుదల రెండింతలైందని తేలింది. వయసు అప్పుడూ మీదపడేది, ఇప్పుడూ మీదపడుతోంది. మారింది బతికే తీరు.

ఆ తీరులో అందరికీ కంటికి కనిపించేది బరువు.

బెర్లిన్ వైద్యులు మోకీలు మార్పిడి చేయించుకున్న ఐదుగురి కృత్రిమ కీళ్లలో భారం కొలిచే పరికరాలు అమర్చి చూశారు. చదునైన నేలమీద నడిచేటప్పుడు మోకాలిమీద శరీర బరువుకు రెండున్నర రెట్లకు పైగా భారం పడింది. మెట్లు ఎక్కేటప్పుడు మూడు రెట్లు దాటింది. దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు. ఎక్కడం కంటే దిగడం కష్టమని మన అవ్వలు ఎన్నాళ్లుగానో చెబుతున్నారు; పరికరం ఆ మాటను అంకెల్లో చూపింది. 60 కిలోల మనిషి బస్సు దిగే క్షణంలో ఆ మోకాలు 200 కిలోలు మోస్తుంది.

అందుకే కొద్దిపాటి బరువు తగ్గినా మోకాలికి అది కొద్ది కాదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊరి జనాన్ని ఏళ్ల తరబడి గమనించిన వైద్యులు 1992లో ఒక సంగతి చెప్పారు. పదేళ్లలో సుమారు 5 కిలోలు తగ్గిన ఆడవాళ్లకు నొప్పితో కూడిన మోకాలి అరుగుదల వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గింది. మరో అధ్యయనం 2005లో ఇంకా సూటిగా లెక్కగట్టింది. ఒంట్లో కిలో తగ్గితే ఒక్కో అడుగుకు మోకాలిమీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఐదు కిలోలు తగ్గినామె వేసే ప్రతి అడుగులో ఇరవై కిలోల బస్తా దించుకున్నట్టే.

బరువు చేసే హాని మోయడంతో ఆగదు. లావుగా ఉన్నవాళ్లకు చేతివేళ్ల కీళ్లు కూడా ఎక్కువగా అరుగుతాయి. వేళ్లమీద ఎవరూ నడవరు కదా! ఒంట్లోని కొవ్వు ఊరికే పడి ఉండదు, వాపు పుట్టించే రసాయనాలను రక్తంలోకి వదులుతూ ఉంటుంది. అవి కీళ్లను కూడా తాకుతాయి. చక్కెర జబ్బు, రక్తపోటు, మోకాళ్ల నొప్పి ఒకే మనిషిలో జతగా కనిపించడానికి ఇదొక కారణం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూస్తే, 2015-16లో తమిళనాడు ఆడవాళ్లలో నూటికి 31 మంది అధిక బరువుతో ఉండేవారు. 2019-21 నాటికి ఆ అంకె 40 దాటింది. అదే సర్వేలో అదే రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. బరువు ఎక్కువ, రక్తం తక్కువ. ఈ రెండూ ఒక్క ఒంట్లోనే ఎలా కుదిరాయి? జవాబు వంటింట్లో దొరుకుతుంది.

కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలు తమిళనాడుకు రాగుల గాదె. ఒకప్పుడు ఈ నేలమీద పొద్దున అంబలి, మధ్యాహ్నం సంగటి, రాత్రికి మళ్లీ సంగటే. పక్కన ఉలవచారో, అనపకాయల కాలంలో పితికిపప్పో, గట్లమీద గిల్లుకొచ్చిన ఆకుకూరో. వరి అన్నం పండగనాటి మాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు ఉన్నాయి. పాలిష్ పట్టిన బియ్యంలో కాల్షియం 8 మిల్లీగ్రాములకు మించదు, పీచు 3 గ్రాములకు లోపే. ఉలవల్లో 100 గ్రాములకు 21 గ్రాములకు పైగా మాంసకృత్తులు. పీచు సంగతి ఎందుకంటే, ఫ్రామింగ్‌హామ్ కుటుంబాలనూ మరో పెద్ద బృందాన్నీ గమనించిన వైద్యులు, పీచు ఎక్కువగా తినేవాళ్లకు నొప్పితో కూడిన మోకాలి అరుగుదల తక్కువగా వచ్చిందని 2017లోనే రాశారు.

తరవాత కంచం మారింది. 2011 జూన్ నుంచి తమిళనాడు రేషను అంగళ్లలో బియ్యం ఉచితం. కార్డు మీద కిలో కందిపప్పు 30 రూపాయలకు, లీటరు పామాయిల్ 25 రూపాయలకు ఇస్తారు. ఈ బియ్యం ఎన్ని పొయ్యిలు వెలిగించిందో పల్లెలో బతికినవాళ్లకు తెలుసు. దాన్ని తప్పుపట్టడం కడుపు నిండినవాళ్ల మాట అవుతుంది. కానీ ఉచితంగా దొరికే గింజ ఒక్కటే అయినప్పుడు మూడు పూటలా ఆ ఒక్క గింజే కంచంలోకి వస్తుంది. రాగులు దంచి, జల్లించి, ఎసరులో గెలికి ముద్ద చేయడానికి పట్టే శ్రమ, పొద్దున ఆరు గంటలకల్లా కంపెనీ బస్సు ఎక్కాల్సిన కోడలికి ఎక్కడిది? పొలంలో పండిన రాగులు మూటకట్టి సంతకు పోతాయి, రేషను బియ్యం ఇంటికొస్తుంది. పదకొండింటికి టీ, బన్ను, సాయంత్రం బజ్జీ. పప్పు పలచన, కూర తక్కువ, అన్నం మాత్రం కంచం నిండా. బరువూ రక్తహీనతా ఒకే ఒంట్లోకి చేరేది ఈ దారినే.

2023లో నీలగిరి, ధర్మపురి జిల్లాల రేషను అంగళ్లలో రెండు కిలోల బియ్యానికి బదులు రెండు కిలోల రాగులు ఇవ్వడం మొదలుపెట్టారు. కంచంలో మార్పు రావాలంటే ఉపదేశం కన్నా ఇలాంటి పని ఎక్కువ ఫలిస్తుంది. ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. రాగుల్లోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే. రోజంతా దుక్కి దున్నినవాడు తిన్నంత ముద్ద, టీవీ ముందు కూర్చున్నవాడు తింటే అదీ కొవ్వుగానే చేరుతుంది. సంగటి మేలు చేసేది దాని పక్కన చారు చిక్కగా, ఆకుకూర నిండుగా ఉన్నప్పుడే.

మన ఇళ్లలో మోకాళ్ల నొప్పికి మొదట చేసే వైద్యం పత్యం. ‘వాతం చేస్తుంది’ అని కందిపప్పు మానేస్తారు. అలసందలు, ఉలవలు, ఉర్లగడ్డ, వంకాయ, ఆఖరికి గుడ్డు కూడా మానేస్తారు. అవ్వ కంచంలో మిగిలేది మజ్జిగన్నం, ఊరగాయ. ఇది పెద్ద నష్టం. యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చే గౌట్ అనే జబ్బులో కొన్ని తిండి నియమాలు అవసరమే. ఆ నియమాలు తెచ్చి అరుగుదల నొప్పికి అంటగడితే మోకాలిని నిలబెట్టే తొడ కండరం ఎండిపోతుంది. భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 55 కిలోల అవ్వకు 46 గ్రాములు. మజ్జిగన్నంతో అది పూడదు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలినదాన్ని ఊడ్చుకుని తినే అలవాటున్న ఆడవాళ్లకు అసలే పూడదు. ఆ చివరి వంతు అలవాటును ఇంట్లో మగవాళ్లు, పిల్లలు పూనుకుని మాన్పించాలి. ఆమె తనంతట మానదు.

తిండితో గుజ్జు మళ్లీ మొలుస్తుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. మేకకాళ్ల సూపు తాగమంటారు. కొల్లిమల, ఏర్కాడు వైపు మేక కాలిలా రోమాలతో ఉండే ముడవాట్టుకాల్ గడ్డను అమ్ముతారు. ముడకత్తాన్ ఆకుతో దోసె పోస్తారు. వేడివేడిగా కడుపులోకి వెళ్లే సూపు, పచ్చని ఆకు మంచివే, తినొచ్చు. అరిగిన మృదులాస్థిని అవి తిరిగి పోస్తాయన్న రుజువు మాత్రం లేదు. మందుల షాపులో వేలు పోసి కొనే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ బిళ్లల సంగతీ అంతే. అమెరికాలో 1,583 మంది మీద జరిపి 2006లో ప్రచురించిన పెద్ద పరీక్షలో, మొత్తంమీద చూస్తే అవి ఉత్తుత్తి బిళ్లలకంటే మెరుగని తేలలేదు. విటమిన్ డి బిళ్లలు రెండేళ్లు మింగినా మోకాలి నొప్పి తగ్గలేదని 2013లో మరో పరీక్ష చెప్పింది. కాల్షియం, విటమిన్ డి ఎముకలకు కావాలి, లోపముంటే తీసుకోవాలి. ఎముక గుల్లబారడం వేరు, కీలు అరగడం వేరు. రెండింటినీ ఒకటే అనుకుని కాల్షియం సీసాల మీద డబ్బు పోసే కుటుంబాలు ఆ డబ్బుతో ఇంట్లో అందరికీ రోజుకో గుడ్డు పెట్టొచ్చు.

తిండి తరవాత పని.

సూళగిరి, బాగలూరు, బేరికె వైపు పూలతోటల్లో, రాయకోట చుట్టుపక్కల టమాటా చేలల్లో తెల్లవారకముందే ఆడకూలీలు దిగుతారు. కలుపు తీయడం, నారు నాటడం, కాయ కోయడం, అంతా గొంతుకూర్చునో నడుము వంచో. తరవాత తట్ట నెత్తికెత్తుకుని గట్టుదాకా నడక. ఇంటికొచ్చాక బిందెలు. కృష్ణగిరి రాతి గనుల్లో మగవాళ్లు మోసే బరువులు, హోసూరు ఫ్యాక్టరీల్లో గంటల తరబడి ఒకే చోట నిలబడి చేసే పనులు వేరే రకం. బీజింగులో చైనా, అమెరికా వైద్యులు కలిసి జరిపిన అధ్యయనంలో ఒక విచిత్రం బయటపడింది. బీజింగు ఆడవాళ్లు అమెరికా ఆడవాళ్లకంటే సన్నగా ఉన్నారు, అయినా వాళ్ల మోకాళ్లే ఎక్కువగా అరిగాయి. పడుచు వయసులో రోజూ గంటల తరబడి గొంతుకూర్చున్నవాళ్లలో ఆ అరుగుదల మరీ ఎక్కువ. బరువు లేకపోయినా పని మోకాలిని తినేస్తుందన్నమాట.

మన దేశపు లెక్క కూడా ఆ దిక్కే చూపిస్తోంది. బెంగళూరు, పుణె, ఆగ్రా, కోల్‌కతా, డెహ్రాడూన్ ప్రాంతాల్లో 40 ఏళ్లు పైబడిన 5,000 మందిని పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 28.7 మందికి మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ ఉంది. మహానగరాల్లో అది 30 దాటింది, పల్లెల్లోనూ 30 దాటింది. మధ్యలో ఉన్న చిన్న నగరాల్లో, పట్టణాల్లో 17 దగ్గరే ఆగింది. నగరంలో కూర్చోబెట్టే బతుకు ఒకవైపు, పల్లెలో విరగ్గొట్టే బతుకు మరోవైపు అనిపిస్తుంది ఈ లెక్క చూస్తే. కల్లావి లాంటి ఊళ్లలో ఒకే ఇంట్లో రెండూ ఉన్నాయి. అత్త చేలో, కోడలు కంపెనీలో.

ఇక నీళ్లు. ఈ జిల్లా గురించి మాట్లాడుతూ నీళ్ల ఊసెత్తకపోతే అది అన్యాయం.

కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల బోరునీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి. ఇంకా ఎక్కువైతే ఎముకలు, వాటిని కలిపే కట్లు గట్టిపడి మెడ, నడుము, మోకాళ్లు పట్టేస్తాయి. దీన్ని ఫ్లోరోసిస్ అంటారు. ఇది ఆస్టియో ఆర్థరైటిస్ కాదు. కానీ రోగి చెప్పే మాట ఒకటే: ‘కీళ్ల నొప్పి’. అందుకే ఒకదాన్ని చూసి మరొకటి అనుకునే ప్రమాదం ఉంది. మన దేశంలో ఈ జబ్బును తొలిసారి శాస్త్రీయంగా నమోదు చేసిందీ తెలుగు నేలమీదే. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతాల్లో వంగి, బిగుసుకుపోయిన మనుషులను చూసి దాని గుట్టు నీళ్లలో ఉందని రాశారు.

నల్లగొండ కథ ఇంకా లోతైంది. 1973లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అక్కడి కుర్రవాళ్లలో ఒక వింత గమనించి లాన్సెట్ పత్రికలో రాశారు. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ, పాదాలు ఎడంగా పోయి, కాళ్లు వంకరపోయాయి. ఫ్లోరైడు నీళ్లు అంతకుముందూ ఉన్నాయి, ఈ వంకర మాత్రం కొత్తది. ఆ సంస్థ వాళ్లే తరవాత ధాన్యాన్ని పరీక్షించి చూశారు. నాగార్జునసాగర్ జలాశయం వచ్చాక ఊట పెరిగి, నేల క్షారగుణం మారి, జొన్నలో మాలిబ్డినం అనే లోహం పెరిగిందని, దానివల్ల ఒంట్లో రాగి లోహం తగ్గుతుందని వాళ్ల అంచనా. కష్టజీవులు, జొన్న తప్ప మరొకటి లేని పేదలు ఎక్కువగా దెబ్బతిన్నారు. నీళ్లు, నేల, గింజ, పేదరికం, ఈ నాలుగూ కలిసి ఒక కుర్రవాడి మోకాలిని వంచాయి. కంచంలో కాల్షియం, మాంసకృత్తులు, విటమిన్ సి తక్కువైనవాళ్లనే ఫ్లోరైడు ముందుగా, గట్టిగా పట్టుకుంటుందన్నది అప్పటినుంచీ వైద్యులు చెబుతున్న మాటే.

మన జిల్లాలకు 2013 మే 29న హొగెనకల్ తాగునీటి, ఫ్లోరోసిస్ నివారణ పథకం అందుబాటులోకి వచ్చింది. జపాను సహాయంతో, 1,928 కోట్ల రూపాయల ఖర్చుతో కావేరి నీళ్లు హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి పట్టణాలకూ వేల పల్లెలకూ చేరే ఏర్పాటు అది. మోకాళ్ల వైద్యానికి ఇంతకంటే పెద్ద పని ఏ డాక్టరూ చేయలేడు. పైపు నీళ్లు రాని రోజున బోరునీళ్లే తాగే ఇళ్లు, ఆ బోరుకు ఒకసారైనా ఫ్లోరైడు పరీక్ష చేయించుకోవాలి.

ఇన్నీ దాటి అవ్వ వైద్యానికి బయలుదేరింది అనుకుందాం. అక్కడ పేదరికం అడ్డొస్తుంది. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని జాన్‌స్టన్ కౌంటీ అనే పల్లెప్రాంతంలో 1990ల నుంచి జరుగుతున్న అధ్యయనం ఒక సంగతి పట్టుకుంది. చదువు తక్కువైనవాళ్లలో, పేదరికం ఎక్కువున్న పేటల్లో బతికేవాళ్లలో మోకాలి అరుగుదల ఎక్కువ. వయసునూ బరువునూ లెక్కలో సరిచేశాక కూడా ఆ తేడా పూర్తిగా పోలేదు. పేదరికం ఎలా మోకాలిలోకి దిగుతుందో తెలుసుకోవడానికి అంత దూరం పోనక్కర్లేదు. ఒకరోజు ఆసుపత్రికి పోతే ఒకరోజు కూలి పోతుంది. కాబట్టి అవ్వ ముందు వీధి చివరి మందుల షాపుకు పోతుంది. రంగురంగుల నాలుగు బిళ్లల పొట్లం తెచ్చుకుంటుంది. వాటిలో స్టెరాయిడు ఉండొచ్చు, కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీసే నొప్పి బిళ్ల ఉండొచ్చు. రెండు రోజులు హాయిగా ఉంటుంది. ఆ హాయితో మళ్లీ కలుపు తీస్తుంది. చీటీ లేకుండా తెచ్చుకునే ఆ పొట్లం మోకాలికంటే ముందు మనిషిని అరగదీస్తుంది.

ఇంట్లో మరుగుదొడ్డి సంగతి ఎవరూ ఎత్తరు. పల్లెల్లో కట్టిన దొడ్లు ఎక్కువగా కింద కూర్చునేవే. మోకాలు వంగని మనిషి అక్కడ లేవలేక, ఎవరినీ పిలవలేక నలిగిపోతుంది. నీళ్లు తాగితే పోవాల్సి వస్తుందని నీళ్లే మానుకున్న అవ్వలున్నారు. మధ్యలో రంధ్రమున్న ఒక ప్లాస్టిక్ కుర్చీ, గోడకు ఒక ఇనుప కమ్మీ ఉంటే చాలు, ఆమెకు మానం, ప్రాణం రెండూ దక్కుతాయి.

ఆపరేషను విషయం కూడా చెప్పుకోవాలి. కీలు పూర్తిగా పాడై, రాత్రి నిద్ర కూడా పోనివ్వని నొప్పి ఉన్నప్పుడు మోకీలు మార్పిడి మంచి వైద్యమే. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం కృత్రిమ మోకీళ్ల ధరలకు కళ్లెం వేసింది. లక్షన్నర పైనుండే మామూలు రకం కీలు ధర 54,720 రూపాయలకు దిగింది, జీఎస్టీ అదనం. కానీ ఎక్కువమందికి ఆ అవసరం రాకుండానే చూసుకోవచ్చు. బరువు తగ్గే తిండి, కండరం పెంచే వ్యాయామం రెండూ కలిపి 18 నెలలు పాటించినవాళ్లకు నొప్పి దాదాపు సగమైందని అమెరికాలో 454 మందిపై జరిపి 2013లో ప్రచురించిన పరీక్ష చూపింది. ఆ వ్యాయామానికి జిమ్ము అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి, తొడ కండరం బిగించి, నిదానంగా ఐదు లెక్కపెట్టి దించడం. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దునా సాయంత్రం. చల్లపూట చదునైన దారిలో కాసేపు నడక. నొప్పి ఉందని మంచానికి అతుక్కుపోతే ఆ గుజ్జుకు అందే కొద్దిపాటి తిండీ అందదు.

ఈ వైద్యం గడప దగ్గరికి వచ్చే దారి ఒకటి మన జిల్లాలోనే పుట్టింది. 2021 ఆగస్టు 5న ముఖ్యమంత్రి స్టాలిన్ ‘మక్కళై తేడి మరుత్తువం’, అంటే జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం, అనే పథకాన్ని కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ప్రారంభించారు. మహిళా ఆరోగ్య కార్యకర్తలు ఇంటికే వచ్చి బీపీ చూసి, చక్కెర చూసి, బిళ్లలిచ్చి పోతారు. 2024లో ఐక్యరాజ్యసమితి పురస్కారం కూడా దానికి దక్కింది. ఆ పథకంలో బీపీ బిళ్లతో పాటు ఫిజియోథెరపీ కూడా ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. కదలలేని మనిషి ఇంటికి వ్యాయామం నేర్పే నిపుణుడు వస్తాడు, డబ్బు తీసుకోడు.

అందుకని కల్లావిలోనో, వేపనపల్లిలోనో, తళిలోనో ఈ మాటలు వింటున్నవారికి ఒక మనవి. ఈసారి ఆ ఆరోగ్య కార్యకర్త మీ గడప తొక్కినప్పుడు బీపీ బిళ్లలు తీసుకుని పంపేయకండి. అవ్వ మోకాళ్ల సంగతి కూడా చెప్పండి, ఫిజియోథెరపీకి ఆమె పేరు రాయించండి.